మెహర్ మేడం మూత కాగితం

నిన్న ఉదయం పదకొండు గంటలకు వన్ టౌన్‌లోని మా ఆఫీసు గదిలో ఉన్న మనుషులు ముగ్గురు: నేను, సబ్బవరం నుంచి వచ్చిన ఇద్దరు తోడికోడళ్ళు. ఉన్న వస్తువులు: టేబులు ఒకటి, కుర్చీలు నాలుగు, కంప్యూటర్లు రెండు, గోడకు థర్మామీటరు ఒకటి, పచ్చ అట్ట ఫైలు ఒకటి, అరచేతిలో పట్టే నల్ల మీటరు ఒకటి, వాళ్ళు తెచ్చిన జీడిపప్పు పొట్లం ఒకటి, మూత తీసిన ఊదారంగు ఇంకు పాడ్ ఒకటి. ఆ పాడ్ లోంచి కొంచెం స్పిరిట్టు, కొంచెం తడిగుడ్డ కలిసినట్టుండే వాసన వస్తోంది. నా మట్టుకు నాకు ఆ వాసన ఒకే ఒక్క మనిషిది. అందుకే నాలుగో కుర్చీలో ఎవరూ లేకపోయినా అది ఖాళీగా ఉన్నట్టు అనిపించలేదు.

తోడికోడళ్ళు జీడిపప్పు వ్యాపారానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టుకోవడానికి వచ్చారు. పేర్లు, ఫొటోలు, కరెంటు బిల్లు, ఇంటి యజమాని ఒప్పుకోలు పత్రం అన్నీ తీసుకున్నాక ఒక తెల్ల కాగితం వాళ్ళ ముందు పెట్టాను. పైన మా ఆఫీసు స్టాంపు, కింద మూడు ప్రశ్నలు. పెద్దావిడ మొదటి ప్రశ్న చదివి, కాగితాన్ని వేలి కొసతో నా వైపు నెట్టింది.

"ఇదేటి బాబూ, దేనివల్ల మూసేస్తారు అని ఉంది. ఇంకా తెరవనేదు కదా. అపశకునం కాదేటి?"

తొమ్మిదేళ్ళ కిందట ఇదే గదిలో, ఆవిడ కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, ఆ మాట నేనూ అన్నాను. అప్పుడు టేబులుకు ఇటువైపు మెహరున్నీసా మేడం ఉన్నారు.

మేడం వృత్తిరీత్యా కంపెనీ సెక్రటరీ. కంపెనీలను రిజిస్టరు చేయించడం, ఏటేటా వాటి కాగితాలు దాఖలు చేయడం, అవసరమైతే చట్టప్రకారం మూయించడం ఆవిడ పని. పుట్టి పెరిగింది వన్ టౌన్‌లోనే. సన్నగా పొడుగ్గా ఉండేవారు. నూలు చీర, తలమీద కొంగు, మెడలో రెండు తాళ్ళు, వాటికి రెండు కళ్ళజోళ్ళు. ఒకటి కాగితం చూడడానికి, ఒకటి మనిషిని చూడడానికి. మీరు మాట్లాడుతుంటే మొదటిది దించి, రెండోది వెతికి, తుడిచి, పెట్టుకునేవారు. ఆ మార్పిడికి నాలుగైదు సెకన్లు పట్టేది. ఏదైనా అబద్ధం చెబుదామని వచ్చినవాడు కూడా ఆ సెకన్లలో మనసు మార్చుకునేవాడు. నేను ఎన్నోసార్లు చూశాను. నా విషయంలోనూ జరిగింది.

నేను స్టీలు ప్లాంటు ఉద్యోగి కొడుకుని. కూర్మన్నపాలెంలో పెరిగాను, మెకానికల్ ఇంజనీరింగు చదివాను. కాలేజీలో నా పక్క బెంచీ అప్పలరాజుది. వాడిది ఫిషింగ్ హార్బరు వెనక పేట; తాత తండ్రుల నాటి నుంచి సముద్రం మీద వేటకు వెళ్ళే ఇల్లు. చదువు ముగిశాక ఇద్దరం కలిసి ఒక మీటరు తయారుచేశాం. చేపల ఐసు పెట్టెలోకి దాని తీగ దించితే, లోపల ఎన్ని డిగ్రీలు ఉందో బయట అంకెల్లో కనిపిస్తుంది. దీన్ని అమ్మడానికి కంపెనీ పెడదామనుకున్నాం. నేను పదిహేను పేర్ల జాబితా రాసుకుని మేడం దగ్గరికి వెళ్ళాను. పన్నెండు ఆవిడ కొట్టేశారు. రెండు రిజిస్ట్రార్ ఆఫీసు కొట్టేసింది. మిగిలిన పేరు చలికొల ఇన్‌స్ట్రుమెంట్స్ ప్రైవేట్ లిమిటెడ్.

అన్ని సంతకాలూ అయ్యాక మేడం ఆ తెల్ల కాగితం తీశారు. ఆవిడ దాన్ని మూత కాగితం అనేవారు. ప్రశ్నలు ఇవి. ఒకటి, ఈ కంపెనీని దేనివల్ల మూస్తారు? రెండు, మూసే రోజు కాగితాలు ఎవరు పట్టుకొస్తారు? మూడు, ఆ రోజు అందరూ కలిసి ఎక్కడ, ఏం తింటారు? ఏ చట్టంలోనూ లేని కాగితం అది. కానీ అది రాయకపోతే ఆవిడ మిగతావి పంపేవారు కాదు.

"అపశకునం కదా మేడం," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు మార్చుకున్నారు. "పడవ కట్టినోడు లంగరు కూడా సేయించుకుంటాడు కదా బాబూ. లంగరు సూసి, అయ్యో ఇది మునిగిపోద్ది అంటారేటి ఎవరైనా?"

అప్పలరాజు గట్టిగా నవ్వాడు. "బావా, మేడం అచ్చం మా పేట మనిషిలాగ మాట్లాడతన్నారు. రాసెయ్."

ఇరవై మూడేళ్ళ వయసు. రాశాం. మొదటి ప్రశ్నకి నేను 'సముద్రం ఎండిపోతే' అని రాశాను. రెండోదానికి అప్పలరాజు నా పేరు రాశాడు, కాగితమంటే బావే కదా అని. మూడోదానికి వాడే మళ్ళీ, 'మా ఇంట్లో, మా అమ్మ చేతి వంజరం పులుసు' అని రాశాడు. మేడం చదివి, మొదటి జవాబు దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, పచ్చ ఫైల్లో పెట్టేశారు. ఆ చుక్క ఎందుకో అప్పుడు అడగలేదు.

కంపెనీ నంబరు వచ్చిన రోజున మేడం మాకొక రబ్బరు స్టాంపు ఇచ్చారు. రబ్బరు కొత్తది. టేకు పిడి మాత్రం పాతది, ఎన్నో చేతుల్లో నలిగి నున్నబడింది. పాతది అంటగట్టారేమిటని నా మొహంలో కనిపించినట్టుంది. వాళ్ళ నాన్నగారికి ఇదే వీధిలో రబ్బరు స్టాంపుల దుకాణం ఉండేదట. ఎవరి వ్యాపారమైనా మూతపడితే స్టాంపు తెచ్చి తనకిమ్మనేవారట. రబ్బరు ఒలిచేసి, పిడిని నూనెగుడ్డతో తుడిచి, తర్వాత వచ్చే కొత్త షాపుకి అదే పిడి బిగించేవారట. "అబ్బాజాన్ ఒకటే అనేవారు. రబ్బరు పోద్ది, పిడి ఉంటాది," అన్నారు మేడం. నేను అప్పుడు దాన్ని పొదుపు అనుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. ప్రభుత్వానికి పంపే ఫారాలన్నిటికీ కంప్యూటర్లోనే సంతకం చేయాలి. అందుకు ఒక్కొక్కరికీ పెన్‌డ్రైవు లాంటి చిన్న టోకెను ఇస్తారు. దాన్ని కంప్యూటరుకు పెడితేనే సంతకం పడుతుంది. మొదటి ఏడాది కాగితాలు దాఖలు చేయడానికి వెళ్ళినప్పుడు అప్పలరాజు టోకెను ఎన్నిసార్లు పెట్టినా పలకలేదు. మేడం దాన్ని కాగితాల కళ్ళజోడుతో చూశారు. మూతి నిండా పసుపు, పైన కుంకుమ బొట్టు. వాడు చెప్పిందేమంటే, వాళ్ళ అమ్మ పైడమ్మకి ఇందులో నా సంతకం ఉందని చెప్పాడట. ఆవిడ దాన్ని దేవుడి అరలో పెట్టి, ఆయుధ పూజ నాడు వలతో పాటు, ఇంజన్‌తో పాటు దానికీ పసుపు రాసిందట.

మేడం పళ్ళు తోముకునే కొత్త బ్రష్షు ఒకటి తెప్పించి, పావుగంట కూర్చుని ఆ పసుపు దులిపారు. సంతకం పడింది. "ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. సంతకానికి బొట్టెట్టిన క్లయింటు మీరే మొదలు. మీ అమ్మకి నా సలాము సెప్పు," అన్నారు అప్పలరాజుతో. ఆ బ్రష్షు ఇంకా సొరుగులో ఉంది.

ఇక అసలు సంగతి. దీన్ని చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది కాబట్టి వరసగా చెబుతాను. మీటర్లు సిద్ధమయ్యాక ఒక ఉదయం హార్బరు జెట్టీ మీద ప్రదర్శన పెట్టాం. చేపలు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, పడవల యజమానులు కలిపి పదకొండు మంది ఉన్నారు. లెక్కపెట్టడం నా అలవాటు. పైడమ్మ తన వంజరాల పెట్టె ముందుకు జరిపింది. నేను తీగ దించాను. మీటరు రెండు డిగ్రీలు చూపించింది. ఆవిడ తన చెయ్యి పెట్టెలోకి మోచేతి దాకా దూర్చి, తీసి, తల అడ్డంగా ఊపింది.

"సల్లదనం నేదు బాబూ. అడుగున ఐసు కరిగిపోనాది. మల్లీ ఎయ్యాలి."

"మీటరు రెండు అంటోంది అత్తా."

"మీటరు ఏటైనా అనుకోనీ. నా సెయ్యి సెప్తంది."

నేను ఇంజనీరుని. పదకొండు మంది చూస్తున్నారు. "చెయ్యి చెప్పేది లెక్కలోకి రాదత్తా. అంకె చెప్పేదే లెక్క," అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ మీద నవ్వారు. పెట్టెలో మళ్ళీ ఐసు వెయ్యలేదు. సాయంత్రానికి పెట్టెలో చేపలు మెత్తబడిపోయాయి. మర్నాడు నేనే జెట్టీ మీద చెప్పాను, మొదట్లోనే ఐసు తక్కువ వేసి ఉంటారని. అంటే తప్పు ఆవిడదని. పైడమ్మ చెయ్యి పాతబడిపోయిందని పేటలో పరిహాసం మొదలైంది. అప్పలరాజు నన్ను హార్బరు గేటు దాకా నడిపించుకుని వచ్చి, "మా అమ్మ సెయ్యి తప్పు సెప్పడం నేను పుట్టినకాడి నుంచి సూళ్ళేదు బావా. నీ మీటరు ఇంకోసారి సూసుకో," అని వెళ్ళిపోయాడు.

వారం తర్వాత చూసుకున్నాను. ఇలాంటి మీటరుకు సున్నా ఎక్కడో చూపించడానికి దాని తీగను ఐసు వేసిన నీళ్ళలో ముంచుతారు. నేను గ్లాసు నీళ్ళలో ఐసు తక్కువ వేశాను, ఆ నీళ్ళు తిప్పి కలపలేదు. ఐసు పైన తేలుతుంది. గ్లాసు అడుగుకు చేరేది అన్నిటికంటే బరువైన నాలుగు డిగ్రీల నీరు. నా తీగ అడుగున ఉంది. నాలుగు డిగ్రీలను మీటరుకు సున్నా అని నేర్పాను. అంటే జెట్టీ మీద అది రెండు చూపించినప్పుడు పెట్టెలో నిజంగా ఉన్నది ఆరు. ఇది హైస్కూలు పాఠం. పైడమ్మ చెయ్యి సరిగ్గానే చెప్పింది. నేను మీటరు మూసి పెట్టాను, నోరు కూడా మూసుకున్నాను. అప్పలరాజుకి ఫోను చెయ్యలేదు. వాడూ చెయ్యలేదు. చలికొల అక్కడితో ఆగిపోయింది.

కొన్నాళ్ళకి మేడం ఆఫీసులో మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. "ఇంజనీరు బాబు ఫారాలు నింపుతాడేటి?" అన్నారు. "గళ్ళున్నవేవైనా నింపుతాను మేడం," అన్నాను. నిజంగానే ఆ పని నాకు పట్టుబడింది. గాజువాక వెల్డింగు షెడ్ల వాళ్ళు, పోర్టులో సరుకు దించే కాంట్రాక్టర్లు, కొత్త కాలనీలు కట్టేవాళ్ళు, ఇంట్లో పచ్చళ్ళు పట్టేవాళ్ళు, అందరూ వరసగా వచ్చేవారు. ఊరు ఎటు పెరుగుతోందో మాకు పేపరు చదవక ముందే తెలిసేది. కంపెనీ పేరు దొరికిన వాడి మొహం ఎలా ఉంటుందో నేను అక్కడే చూశాను. ఆడపిల్ల పుట్టిందో మగపిల్లాడో తెలిసిన తండ్రి మొహంలా ఉంటుంది.

మూయడానికి వచ్చేవాళ్ళు వేరేగా వచ్చేవారు. మెట్ల మీదే చెప్పుల చప్పుడు తగ్గిపోయేది. మేడం వాళ్ళని కూర్చోబెట్టి, పచ్చ ఫైల్లోంచి వాళ్ళ మూత కాగితం తీసి, మూడో జవాబు ముందు చదివేవారు. 'మాధవధారలో మా పిన్ని ఇంట్లో గారెలు' అని రాసి ఉంటే, ఆ పిన్నికి ఫోను చేసే దాకా ఫారం తెరిచేవారు కాదు. ఒకసారి ఇద్దరన్నదమ్ములు, ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు, తాము రాసినందువల్లే సింహాచలం కొండ కింద పనస తొనలు కొనుక్కుని ఒకే బల్ల మీద కూర్చుని తినాల్సి వచ్చింది. తొనలు తింటూ దెబ్బలాడుకోవడం కష్టమని, చేతులు జిగురు అంటుకుపోతాయని మేడం నాతో చెప్పారు. ఆవిడ ప్రతి మూత భోజనానికీ వెళ్ళేవారు. స్టాంపు వెనక్కి తీసుకుని, రబ్బరు ఒలిచి, పిడి సంచిలో వేసుకుని వచ్చేవారు.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు మేడం ఏటా దాఖలు చేయాల్సిన కంపెనీల జాబితా తీసుకుని ఒక్కొక్కదానికీ టిక్కు పెడుతున్నారు. సగంలో ఆగారు.

"చలికొల అని ఒకటుంది. ఎవరిదో తెల్సా?"

"మాదే మేడం."

"ఊరందరి కంపెనీలకీ ఫారాలు నింపుతన్నావు. నీదానికి రెండేళ్ళుగా ఏటీ నేదు."

"అది ఆగిపోయింది మేడం."

"ఆగిపోడం వేరు, మూయడం వేరు. నీ స్కూటరు రోడ్డు మజ్జిలో ఆగిపోతే అక్కడే వదిలీసి ఇంటికి ఎల్తావేటి?"

ఆవిడ కళ్ళజోడు మార్చుకున్నారు.

"అప్పలరాజు నెల కిందట నా దగ్గరికి వచ్చినాడు. ఐసు పెట్టెలు సేసే కంపెనీ పెడతాడంట. మంచి ఆలోచన. నాను ఆగమన్నాను. ఎందుకో నీకు తెల్సు."

తెలుసు. వరసగా మూడేళ్ళు కాగితాలు దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లు ఐదేళ్ళపాటు ఇంకే కంపెనీలోనూ డైరెక్టర్లుగా ఉండడానికి వీల్లేదు. మూడో ఏడాది గడువుకు ఇంకా ఏడు వారాలు ఉంది. ఈలోగా పాతవి దాఖలు చేసి, చలికొలను రిజిస్టరు నుంచి కొట్టేయమని ఇద్దరం సంతకాలు పెట్టి అడిగితే, అప్పలరాజు దారి వాడిది. లేకపోతే నేను ఫోను చెయ్యని పాపానికి వాడి ఐసు పెట్టెలు ఐదేళ్ళు ఆగిపోతాయి.

"వాడు సంతకం పెడతాడు. కానీ బావ వచ్చి అడగాలి అన్నాడు," అన్నారు మేడం.

ఆ మధ్యాహ్నమే మూసివేత తీర్మానం టైపు చేసి ఆవిడ ముందు పెట్టాను. కారణం అన్నచోట 'మార్కెట్ పరిస్థితులు అనుకూలించనందున' అని రాశాను. వంద కంపెనీలకు రాసిన వాక్యమే. మేడం చదివి, పచ్చ ఫైల్లోంచి మా మూత కాగితం తీసి పక్కన పెట్టారు. 'సముద్రం ఎండిపోతే.' పక్కన ఆవిడ పెన్సిలు చుక్క.

"సముద్రం ఎండిపోనాదేటి?"

"లేదు మేడం."

"మార్కెట్ నిన్ను ఏటి సేసింది బాబూ?"

"ఏమీ చెయ్యలేదు."

"తీర్మానంలో నువ్వు రాసింది ప్రభుత్వానికి సాలు. ఈ కాగితానికి సాలదు. ఎనక్కి తిప్పి రాయి."

ఆవిడ రెండో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆ నాలుగైదు సెకన్లలోనే చెప్పేశాను. గ్లాసు, తక్కువ ఐసు, కలపని నీళ్ళు, పదకొండు మంది, మర్నాడు నేనన్న మాట, వారం తర్వాత తెలిసిన సంగతి. తిడతారనుకున్నాను. జాలి పడతారేమోనని కూడా భయపడ్డాను. ఆవిడ రెండూ చెయ్యలేదు.

"ఎన్ని డిగ్రీల తేడా?"

"నాలుగు."

"అది రాయి."

కాగితం వెనక రాశాను: 'సరిచూసేటప్పుడు నీళ్ళు కలపలేదు. మీటరు నాలుగు డిగ్రీలు తప్పు. పైడమ్మగారి చెయ్యి ఒప్పు. తెలిసీ చెప్పలేదు.' మేడం చదివి పెన్సిలు చుక్కను రబ్బరుతో చెరిపేశారు. అప్పుడు అర్థమైంది. జవాబు రాని ప్రశ్నల దగ్గర ఆవిడ ఆ చుక్క పెట్టుకునేవారు.

ఆదివారం మేడమూ నేనూ ఆటోలో పేటకు వెళ్ళాం. నా ఒడిలో ఫైలు, దాని మీద చలికొల స్టాంపు. అప్పలరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "కాగితాలు బావే తెస్తాడని ఆ వేళే రాసినాను కదా," అన్నాడు. నవ్వలేదు, కానీ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. లోపల పులుసు ఉడుకుతోంది. పైడమ్మ గరిటె పెట్టకుండా గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతోంది. నేను నిలబడే కాగితం వెనక రాసిన నాలుగు వాక్యాలూ చదివేశాను.

పైడమ్మ గిన్నె దించింది.

"అంటే నీళ్ళు కలపనేదా?"

"లేదత్తా."

"పులుసు అడుగంటకుండా ఉండాలంటే కదపాలని మా ఇంట్లో బొడ్డూడని పిల్లకి కూడా తెల్సు. నాలుగేళ్ళు సదివి నువ్వు నీళ్ళు కలపనేదా?"

ముందుగా నవ్వింది మేడమే. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగిపోయాయి. తర్వాత అప్పలరాజు. వాడి నవ్వు రెండేళ్ళ తర్వాత విన్నాను. పైడమ్మ మాత్రం నవ్వలేదు. కంచాలు పెడుతూ, "ఇక్కడ నలుగురి ముందు సెప్తే సరిపోదు బాబూ. ఆ యేల ఎంతమంది ముందు అన్నావో అంతమంది ముందు సెప్పాలి. రేపు తెల్లారి జెట్టీకి రా," అంది.

"పదకొండు మంది అత్తా."

"నెక్కెట్టుకున్నావు కూడానా," అంది. అప్పుడు నవ్వింది.

తిన్నాక తీర్మానం మీద సంతకాలు పెట్టాం. మేడం చలికొల స్టాంపు అడిగి తీసుకుని, చిన్న చాకుతో రబ్బరు ఒలిచి, పిడిని కొంగుతో తుడిచి అప్పలరాజు చేతిలో పెట్టారు. "కొత్తదానికి రబ్బరు నాను సేయిస్తాను. పిడి మీ ఇద్దరిదే," అన్నారు. ఆ క్షణంలో నాకు అది పొదుపు కాదని తెలిసింది. మర్నాడు జెట్టీ మీదకి తొమ్మిది మందే వచ్చారు. చెప్పాను. మిగతా ఇద్దరి ఇళ్ళు వెతుక్కుని వెళ్ళి చెప్పాను. అందులో ఒకావిడ నేనెవరో గుర్తుపట్టలేదు. అయినా మొత్తం విని, "మరి ఇప్పుడు బాగైనాదా ఆ మిసను?" అని అడిగింది.

చలికొల పేరు కొట్టేసినట్టు కొన్ని నెలలకి ఉత్తర్వు వచ్చింది. అప్పలరాజు కంపెనీ పుట్టింది. వాడి కొత్త టోకెను ఆఫీసుకి వచ్చినప్పుడు అది ప్లాస్టిక్ సంచిలో ఉంది, మూతి మీద గట్టిగా టేపు చుట్టి ఉంది, పసుపు సంచికి రాసి ఉంది. పైడమ్మకీ లోకం తెలిసింది. ఐసు పెట్టెలు బాగా నడుస్తున్నాయి. పెట్టె బాగుందో లేదో తేల్చేది ఇప్పటికీ ఆవిడ చెయ్యే. ఆవిడ ఊ అంటేనే పెట్టె బయటికి వెళుతుంది.

నేను మేడం దగ్గరే ఉండి కంపెనీ సెక్రటరీ పరీక్షలు రాశాను. ఆఖరి పేపరు పాసైన నెలలో ఆవిడ తన సొంత మూత కాగితం తీసి నా ముందు పెట్టారు. తాను ప్రాక్టీసు మొదలెట్టిన రోజున రాసుకున్నది. దేనివల్ల మూస్తారు: 'స్టాంపు మీద అక్షరాలు రెండు కళ్ళజోళ్ళతోనూ కనపడని రోజున.' కాగితాలు ఎవరు పట్టుకొస్తారు: ఖాళీ, పక్కన పెన్సిలు చుక్క. ఎక్కడ, ఏం తింటారు: 'బీచ్‌లో, చెప్పులు విప్పి, మురీ మిక్చరు.' ఆవిడ చుక్క చెరిపి అక్కడ నా పేరు రాశారు. ఆ సాయంత్రం మేడం, అప్పలరాజు, పైడమ్మ, నేను, నలుగురం చెప్పులు ఒకచోట విప్పి, మరమరాల పొట్లాలు పట్టుకుని ఇసకలో కూర్చున్నాం. పైడమ్మకి మిక్చరులో ఉల్లిపాయ తక్కువైందని అనిపించింది. మేడం కాదన్నారు. వాదన చీకటి పడేదాకా సాగింది. మేడం ఇప్పుడు భీమిలిలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. శుక్రవారం శుక్రవారం ఫోను చేసి, "ఎన్ని పుట్టినాయి, ఎన్ని మూసినావు, ఎక్కడ తిన్నావు?" అని మూడు ప్రశ్నలు అడుగుతారు.

ఇదంతా నిన్న ఆ తోడికోడళ్ళకి చెప్పలేదు. లంగరు మాట మాత్రం చెప్పాను. సముద్రానికి దూరంగా ఉన్న సబ్బవరంలో లంగరు పెద్దగా పని చెయ్యదు కాబట్టి, బావి తవ్వినప్పుడే మూతకి చెక్క కూడా చేయించుకుంటారు కదా అన్నాను. పెద్దావిడ కాగితం వెనక్కి లాక్కుంది. మొదటి ప్రశ్నకి ఏమి రాసిందో చూసి, పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాను. మూడోదానికి చిన్నావిడ, 'సబ్బవరంలో, మా అత్తకి తెలియకుండా, బిర్యానీ' అని రాసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. కాగితం పచ్చ ఫైల్లో పెట్టాను.

వెళ్ళేముందు పెద్దావిడ టేబులు మీది నల్ల మీటరు చూపించి అదేమిటని అడిగింది. చలి కొలిచేదని చెప్పాను. సరిగ్గా పనిచేస్తుందా అంది. దాన్ని నేను ఇంతవరకు సరిచెయ్యలేదు, సరిచెయ్యను. గోడమీది థర్మామీటరు పక్కన పెట్టి చూపించాను. గోడమీద ముప్పై. మీటరులో ఇరవై ఆరు. తేడా నాలుగు.